రింగు వేసిన కాసు

అమ్మమ్మ కాసులపేరు పంచుకున్నది అమలాపురంలో, ఒక ఆచారిగారి కొట్లో. ముగ్గురు కూతుళ్ళు, 21 కాసులు. తలా ఏడు. లెక్క అంత సుఖంగా కుదిరేసరికి పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ "పోతూ పోతూ కూడా తగువు మిగల్చలేదే అమ్మ" అంది. ఆచారిగారు ఒక్కో కాసూ గొలుసులోంచి విడదీసి, గీటురాయి మీద గీసి, కాటా మీద పెట్టారు. "పేరులోంచి తీసేశాక ఏ కాసైనా ఒకటేనండి. బరువు చూసుకోండి, ఆయ్" అన్నారు.

ఏ కాసైనా ఒకటి కాదని ఆ కొట్లో తెలిసింది నాకొక్కడికే.

మా వైపు కాసంటే ఎనిమిది గ్రాములు. పెళ్ళి మాటల్లో "పాతిక కాసులు పెడతాం" అంటే నాణేలు పెడతారని ఎవరూ అనుకోరు, అదొక తూకం అంతే. కానీ ఆ తూకం వెనక నిజంగానే ఒక నాణెం ఉంది. బ్రిటిష్ సవరిన్, 22 కేరెట్లు, 7.98 గ్రాములు. ఇప్పుడు షాపుల్లో కనిపించే కాసులపేర్లలో ఉండేవి లక్ష్మీదేవి ముద్ర కొట్టిన పల్చటి రేకులు. అమ్మమ్మవి మాత్రం అసలు సవరిన్లే. ఒకవైపు రాణో రాజో, రెండోవైపు గుర్రమెక్కి డ్రాగన్‌ని చంపుతున్న సెయింట్ జార్జ్. ఆ దేవుడెవరో అమ్మమ్మకి తెలీదు. ఆవిడ దృష్టిలో అది "గుర్రబ్బొమ్మ".

వాటిలో ఒకదాని మీద, గుర్రం కాళ్ళ కింద, 1918 అన్న అంకెల పైన, చిన్న 'ఐ' అక్షరం ఉంది. ఇండియా అని. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో రాయల్ మింట్ బొంబాయిలో ఒక శాఖ తెరిచి, కొద్ది నెలలు నడిపి మూసేసింది. అక్కడ కొట్టిన సవరిన్లన్నిటి మీదా ఉండేది ఆ ఒక్క సంవత్సరమే. సుమారు 13 లక్షలు కొట్టారు. మహా అపురూపమేమీ కాదు గానీ, సేకరించేవాళ్ళు బంగారం ధర మీద ఇంకాస్త వేసి కొంటారు.

నేను అమ్మ చెవిలో "అది తీసుకో" అన్నాను. అమ్మ తీసుకుంది. పెద్దమ్మా పిన్నీ మిగతావాటిలోంచి చేతికందినవి తీసుకున్నారు. బరువులు సరిపోయాయి.

నాణేల పిచ్చి నాకు ఇంజనీరింగ్ రోజుల్నించీ ఉంది. మొదటి బోనస్‌తో 2012 సవరిన్ ఒకటి కొన్నాను. ఎలిజబెత్ రాణి పట్టాభిషిక్తురాలై అరవయ్యేళ్ళయిందని (నిజానికి గద్దెనెక్కి అరవయ్యేళ్ళు, పట్టాభిషేకం మరుసటేడు) ఆ ఒక్క ఏడాదికీ పాత గుర్రబ్బొమ్మ పక్కనపెట్టి, పాల్ డే అనే శిల్పి చేత కొత్తది గీయించారు. పెట్టె, సర్టిఫికెట్, గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీ. వేలిముద్ర పడితే విలువ పోతుంది. అమ్మ ఆ డబ్బీని అటూ ఇటూ తిప్పి, "దీన్ని ఎవరు వేసుకుంటార్రా?" అంది. ఎవరూ వేసుకోరన్నాను. "మరి కష్టమొస్తే?" అంది. కష్టమొస్తే ఊళ్ళో కొట్టువాడు పెట్టె అవతల పారేసి తూకం వేస్తాడు. నేను బంగారం మీద అదనంగా పెట్టిన డబ్బు ఆ పెట్టెతోపాటే పోతుంది.

ఈ స్మారక నాణేల అరుదుతనం ముందే నిర్ణయమైపోయినది. ఇన్నే కొడతాం అని టంకశాల ప్రకటిస్తుంది, మనం త్వరపడతాం. కాస్త నాటకమే అయినా అందులో ఎవరికీ అన్యాయం లేదు. పాత కాసు సంగతి వేరు. 13 లక్షల్లో ఇప్పుడెన్ని మిగిలాయన్నది కరిగించినవాళ్ళ మీద ఆధారపడింది.

అమ్మమ్మ పేరులో ఒకప్పుడు 32 కాసులుండేవి. 1996 నవంబరు తుఫానుకి కోనసీమలో కొబ్బరిచెట్లు పడిపోయాక పదకొండు కరిగాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఐదారేళ్ళు. ఆ ఐదారేళ్ళూ ఇల్లు ఆ పదకొండు కాసుల మీద నడిచింది. వాటిలో ఎన్నిటి మీద 'ఐ' ఉందో ఎవరూ చూడలేదు. చూసి ఉంటే నా చేతిలో ఉన్నదాని విలువ ఎందుకు పెరిగిందో తెలిసేది. సేకర్తల మధ్య ఒక మాట వినిపిస్తుంటుంది, "పాపం, తెలీక కరిగించేశారు" అని. నేనూ అన్నాను ఆ మాట. వాళ్ళు కరిగించకపోతే మనం దాచుకున్నదానికి ఈ గొప్ప ఎక్కడిది?

ధవళేశ్వరంలో తూర్పు చాళుక్యుల, చోళుల బంగారు నాణేలు ఒక నిధిగా దొరికాయి. దాని మీద మద్రాసు మ్యూజియం పుస్తకం కూడా వేసింది. వాటి గురించి చదివినప్పుడల్లా నాకు రాజులు గుర్తురారు. పాతిపెట్టి, తిరిగి రాలేకపోయిన మనిషెవరో గుర్తొస్తాడు. తిరిగి వచ్చుంటే ఖర్చుపెట్టుకునేవాడు, మ్యూజియానికి ఏమీ మిగిలేది కాదు.

అందుకే బంగారాన్ని బరువుగా మాత్రమే చూసేవాళ్ళని మొరటువాళ్ళని కొట్టిపారేయడం ఇప్పుడు నాకు కుదరడం లేదు. గ్రాము ధర రోజూ పేపర్లో వస్తుంది. తరుగు దగ్గర మోసాలుంటాయి, నిజమే. అయినా ఇంగ్లీషు రాని పిన్నికీ నాకూ ఆ ధర ఒకటే. 'ఐ' ధర మాత్రం తెలిసినవాడికే. ఎదుటివాళ్ళకి తెలియకపోవడమే అక్కడ నా లాభం. ఆచారిగారి కాటా ముగ్గురు అక్కచెల్లెళ్ళనీ సమానంగా చూసింది, నేను చూడలేదు.

ఇందులో ఒక వెక్కిరింత కూడా ఉంది. పేరులో గుచ్చడానికి ప్రతి కాసుకీ పైన రింగు పెట్టి టంకం వేశారు. రింగు పడ్డ నాణెం సేకర్తల లెక్కలో దెబ్బతిన్న సరుకు, అదనపు ధర దాదాపు పోయినట్టే. కొట్టువాడికి ఆ టంకం మలినం, తూకంలో తగ్గించుకుంటాడు. అంటే నేను దాచిపెట్టిన రహస్యం విలువ బహుశా ఏమీ లేదు. అది అప్పుడే నాకు తెలుసా అంటే, తెలీదు. వేలల్లో తేడా ఉంటుందనుకునే అమ్మ చెవిలో చెప్పాను.

పోయిన సంక్రాంతికి పిన్నితో చెప్పేశాను. ఆవిడ చక్కిలాలు వేయిస్తోంది. తలెత్తకుండానే వింది.

"నా ఏడూ అమ్మాయి గాజులకి ఇచ్చేశాను కదరా. అది నాకొచ్చుంటే అదీ అందులోనే కలిసిపోయేది."

"అయినా చెప్పాల్సింది పిన్నీ."

"చెప్తే మీ పెద్దమ్మా నేనూ దానికోసం కొట్టుకునేవాళ్ళం" అని నవ్వింది. చట్రంతో చక్కిలం తిప్పేసి, కాసేపాగి, "ఎంత తేడా వస్తుందేంటి?" అని అడిగింది.

రింగు ఉంది కాబట్టి పెద్దగా రాదన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు.