కార్మికుని అమానతు

“జీతం ఇచ్చేశాను. కట్టనిది ఈ.ఎస్.ఐ. చందా ఒక్కటే, అది ప్రభుత్వ బాకీ కదా!” అంటారు కొందరు యజమానులు. కాదు సోదరులారా! కార్మికుని జీతం నుండి కోసుకున్న పైకం కార్మికునిదే. 1948 నాటి ఈ.ఎస్.ఐ. చట్టం సైతం దాన్ని యజమానికి అప్పగించిన సొమ్ముగానే పరిగణించింది. షరీఅతు భాషలో అది అమానతు. (యజమాని సొంత వాటా సంగతి వేరు, అది నెరవేర్చవలసిన బాధ్యత.)

2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజనలో, ఉద్యోగం పోయినవారికి భృతి ఇవ్వడానికి చందా జమయిన రోజులు చూశారు. కట్టనిది ఒకరు, పస్తులుండేది మరొకరు!

పని చేయించుకొని కూలి ఎగ్గొట్టినవానికి ప్రళయదినాన తానే ప్రత్యర్థినవుతానని అల్లాహ్ హెచ్చరించినట్లు దైవప్రవక్త (స) తెలిపారు (బుఖారీ). హుఖూఖుల్ ఇబాద్ కేవలం తౌబాతో మాఫీ కావు. బకాయి కట్టాలి, కార్మికుడు కోల్పోయిన భృతి కూడా యజమానే ఇచ్చి, అతని క్షమాపణ పొందాలని నా అభిప్రాయం. ఇక కార్మికుడు ఫిర్యాదు చేయడానికి సిగ్గుపడనక్కర్లేదు. అది యాచన కాదు, తన సొమ్ము తాను అడగడం.