అక్షింతలు వేసుకున్నాక పడిన నింద

2025 ఆగస్టు 27, వినాయక చవితి. అడవులదీవిలో మా ఇంట్లో వ్రతకథ చదివేది నేనే. ముప్పై ఏళ్లు తెలుగు మాస్టారుగా చేసినవాణ్ణి కనక పుస్తకం నా చేతికే వస్తుంది. శమంతకమణి కథ ముగించి, చవితి చంద్రుణ్ణి చూసినా నీలాపనిందలు అంటకూడదని అందరి తలల మీదా అక్షింతలు వేశాను. అదే పొద్దున 9:31కి, అమెరికా రాజధానిలో అర్ధరాత్రి దాటిన మొదటి నిమిషానికి, మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేరింది. మా చెరువులో రొయ్య అప్పటికి 40 కౌంట్‌లో, అంటే కిలోకు నలభై తూగే సైజులో ఉంది. మధ్యాహ్నం నుంచి రొయ్య కొనే ఏజెంట్ ఫోన్ ఎత్తలేదు.

ఆ 50లో సగం మన దేశం రష్యా చమురు కొన్నందుకట. నేను కొన్నది మేత, సీడ్, ఏరేటర్లకు కరెంటు లేనప్పుడు జనరేటర్‌కి డీజిల్. (ఆ డీజిల్ ఏ దేశపు చమురో బంకువాడికీ తెలియదు, అది వేరే సంగతి.) అమెరికా ఉపాధ్యక్షుడి భార్య పూర్వీకులది పశ్చిమ గోదావరి వడ్లూరని తెలిసిననాడు ‘మన అల్లుడే’ అని మురిసిన అరుగు మీదే ఆ సాయంత్రం శాపనార్థాలు విన్నాను.

మా ఆవిడ మాత్రం ఒక్క మాటే అంది. “మన కర్మండీ.”

ఆ మాట నాకు మింగుడు పడలేదు. చేసినవాడే అనుభవిస్తాడనేది కదా కర్మ సిద్ధాంతం. ఇక్కడ చేసిందొకరు, అనుభవించేదొకరు. పూర్వజన్మలో నేనేదో చేసి ఉంటానంటే లెక్క సరిపోతుంది, నిజమే. కానీ అలా సరిపెట్టిన మరుక్షణం, ఆ సుంకం మీద సంతకం పెట్టిన చెయ్యి నా కర్మఫలాన్ని మోసుకొచ్చిన బంట్రోతు చెయ్యి అయిపోతుంది. అడగాల్సినవాణ్ణి అడగనివ్వని సిద్ధాంతం ఎంత పాతదైనా నాకు అనుమానమే.

పోనీ రాజధర్మం అడుగుదామంటే, శాంతిపర్వంలో అంపశయ్య మీద భీష్ముడు ధర్మరాజుకు పన్నుల గురించి చెప్పింది రాజు తన ప్రజల దగ్గర తీసే పన్ను గురించే. తుమ్మెద పువ్వు చెడకుండా తేనె తీసినట్టు పన్ను తియ్యమన్నాడు. బాగుంది. పువ్వు పక్కవాడి తోటలోదైతే? అమెరికాలో లూసియానా తీరంలో వలేసే జాలరి కూడా ఒక ప్రజే. చెరువుల్లో పెంచి చవగ్గా పంపే మా రొయ్య వల్ల తమ రొయ్యకు ధర లేదని అక్కడివాళ్లు ఫిర్యాదు చేస్తేనే 2005 నుంచి యాంటీ డంపింగ్ సుంకం నడుస్తోంది. తన జాలరిని కాచుకునే పాలకుణ్ణి అధర్మపరుడని ఎలా అనను? సముద్రం అవతలి దొరతో మా తీరానికి లావాదేవీ కొత్త కాదు. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ గ్లోబు ఆగింది మా పక్క నిజాంపట్నం రేవులోనే. నాలుగు వందల ఏళ్లుగా మా సరుకు వాళ్లకు తెలుసు, మేం తెలియం. ‘ముందు నావాళ్లు’ అనే మాటలో తప్పు మొదటి పదంలో లేదు. నావాళ్లెవరని గీసే గీతలో ఉంది.

ఇలా అనుకుంటూ గట్టు మీద నిలబడితే ఆ గీత నా కాళ్ల కిందే కనపడింది. అవతల బాబాయి వరిచేను. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల చివరి భూములు మావి, మంచినీళ్లు వచ్చేదే ఆలస్యంగా. నా చెరువు గట్టు వార నాలుగు సాళ్ల మేర ఆయన వరి ఎర్రబారి ఉంది. ఉప్పు ఊట. తీరంలోని రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు, ఉప్పునీరు పక్క పొలాలను ఎలా తింటుందో బోర్డు మీద రాసి పదో తరగతికి వ్యాసం ఇచ్చినవాణ్ణి నేనే. వన్నామీ రొయ్య గిరాకీ చూసి 2013లో చెరువు తవ్వించిందీ నేనే. బాబాయి అప్పుడు ఒకసారి అడిగాడు. “నా పట్టా భూమి బాబాయ్, నా ఇష్టం,” అన్నాను. ఆ ముక్క ఇప్పుడు ఇంగ్లీషులో వింటున్నాను.

వ్రతకథలో ఒక సంగతి నేను ఏటా గబగబా చదివేసి దాటేస్తాను. ఆ మణి ఇమ్మని కృష్ణుడు సత్రాజిత్తును ముందే అడిగాడు. ప్రసేనుడు అడవిలో చనిపోతే చూపు కృష్ణుడి మీదకు తిరగడానికి చంద్రుడొక్కడే కారణం కాదు. అందుకే కాబోలు, నాకేం తెలియదని ద్వారకలో కూర్చోకుండా అడుగుజాడలు పట్టుకుని గుహ దాకా వెళ్లాడు. నాపై పడ్డ పన్నుకూ నా గట్టు ఊటకూ సంబంధం లేదు. ఒకదానికి రెండోది శిక్ష అనను, అంటే మళ్లీ మా ఆవిడ మాట దగ్గరికే వస్తాను. కానీ న్యాయం అడిగే నోరు నాది కదా, దానికి ఉప్పు తగిలింది.

పట్టుబడి నష్టానికే అయ్యింది. చెరువు ఎండగట్టాక బాబాయి ఇంటికి వెళ్లి, మధ్యలో ఊట కాలువ తవ్వుదామన్నాను. గజం వెడల్పైనా భూమి పోతుంది. ఆయన చుట్ట నలిపి, కాసేపు నన్ను చూశాడు.

“మాస్టారూ, కాలువ మీ వైపా, నా వైపా?”