యంత్రమునకు అప్పగింపరానిది

మానవుడు తన శ్రమను తగ్గించుకొనుటకు పనిముట్లను కల్పించుకొనుట నేటి మాట కాదు. నీరు తోడు ఆయాసమును ఏతము తగ్గించినది. నేలను పెళ్లగించు శ్రమను నాగలి తగ్గించినది. పిమ్మట ఆవిరియంత్రము వచ్చి అనేకుల భుజబలమును ఒక్క చక్రములో చేర్చినది. చేతుల పనిని యంత్రము తీసికొనినను బుద్ధి చేయవలసిన పని తనకు మిగిలియున్నదని మానవుడు ఇన్నాళ్లును ధైర్యము వహించియుండెను. ఇప్పుడు బుద్ధి చేయు పనులలో కొన్నింటిని కూడ యంత్రమే చేయుచున్నది. ఉత్తరము వ్రాయుమన్న వ్రాయును. లెక్క కట్టుమన్న కట్టును. కంప్యూటరును నడుపు ఆదేశముల వరుసను కూర్చుమన్న కూర్చును. అట్లయినచో మానవునకు మిగులు పని యేది? అతడు నేర్చిన విద్యకు ప్రయోజనమేమి? ఇది కేవలము జీవనోపాధికి సంబంధించిన ప్రశ్న కాదు. విద్య యననేమి, కర్మ యననేమి అను పురాతన ప్రశ్నయే రూపు మార్చుకొని మన ముందు నిలిచినది.

కలకత్తా నగరమునకు 2001 లో కోల్‌కతా యను పేరు స్థిరపడినది. ఆ నగరపు తూర్పు అంచున, చిత్తడినేలలను పూడ్చి నిర్మించిన సాల్ట్ లేక్ అను పేట కలదు. అందు ఐదవ సెక్టారులో సాఫ్ట్‌వేర్ సంస్థల భవనములు బారులు తీరియున్నవి. అచ్చట పనిచేయు ఒక తెలుగు యువకుని మనమున ఊహించుకొందము. అతడు పది సంవత్సరములు శ్రమించి ప్రోగ్రాములు వ్రాయు విద్య నేర్చెను. తప్పు ఎచ్చట దాగియున్నదో వెదకుచు ఎన్నియో రాత్రులు మేల్కొనెను. నేడు కృత్రిమ మేధ అను యంత్రవిద్య, అతడు ఒక దినమంతయు చేయు పనిని కొన్ని క్షణములలో చేసి చూపుచున్నది. అతనికి మూడు సందేహములు కలిగినవి. నేను నేర్చినదంతయు వ్యర్థమా? నా తరువాత వచ్చువారు కష్టపడి నేర్వవలసిన అవసరమేమి? యంత్రము చేసిన పనికి నా పేరు పెట్టుకొనినచో అది నా కర్మ యగునా?

ఈ సందేహములకు సమాధానమును దూరదేశములలో వెదకనక్కఱలేదు. అదే మహానగరపు ఉత్తరభాగమున, బరానగరములో, భారత గణాంక సంస్థ కలదు. 1931 డిసెంబరులో ప్రశాంతచంద్ర మహలనోబిస్ దీనిని స్థాపించెను. ఆరంభదశలో దానికి సొంత భవనము లేదు. ఆయన భౌతికశాస్త్రము బోధించుచుండిన ప్రెసిడెన్సీ కళాశాలయే దానికి నీడ యిచ్చెను. ఆ కాలమున కంప్యూటరు అను మాటకు అర్థము యంత్రము కాదు. లెక్కలు చేయు మనుష్యుడు. చేతితో త్రిప్పు గణనయంత్రమును ముందుంచుకొని కూడికలు, గుణకారములు చేయుచు కాగితములు నింపుట అట్టివారి ఉద్యోగము. నేడు యంత్రమునకు పెట్టిన పేరు నిన్న ఒక జీతగాని పేరు. ఈ యొక్క విషయమును తలచినను మన యువకుని భయము లోకమునకు క్రొత్తది కాదని తెలియగలదు.

ఆ సంస్థలోనికి 1941 జనవరి 1 వ తేదీన ఒక తెలుగు యువకుడు విద్యార్థిగా ప్రవేశించెను. ఆయనయే కల్యంపూడి రాధాకృష్ణరావు, లోకము సి. ఆర్. రావు అని యెఱిగిన మహాగణితవేత్త. 1920 సెప్టెంబరు 10 న నాటి బళ్లారి జిల్లాలోని హడగళ్లిలో ఆయన జన్మించెను. పదిమంది సంతానములో ఎనిమిదవవాడు. గూడూరు, నూజివీడు, నందిగామలలో చదివి, విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున ఎం. ఏ. పట్టము పొందెను. సైనిక సర్వే విభాగములో ఒక ఉద్యోగము కొఱకు కలకత్తా వచ్చెను. ఆ ఉద్యోగము లభింపలేదు. బసలో పరిచయమైన యొకరు తాము శిక్షణ పొందుచున్న గణాంక సంస్థను ఆయనకు చూపించిరి. పోయిన ఉద్యోగము వెంటనే దొరకని విద్యకు దారి చూపెను. కలకత్తా విశ్వవిద్యాలయము అప్పుడే ప్రారంభించిన గణాంకశాస్త్ర ఎం. ఏ. తరగతిలో చేరి 1943 లో ఉత్తీర్ణుడయ్యెను. పిదప అచ్చటనే బోధింపసాగెను.

ఆ బోధనకాలమున జరిగిన ఒక సంఘటనను ఆయన తరువాతి కాలమున చెప్పియుండెను. తరగతిలో ఆయన ఒక సూత్రమును వివరించుచుండెను. పరిశీలనలు మిక్కిలి అధికముగా నున్నపుడు ఆ సూత్రము సత్యమని తెలిసియున్నది. విద్యార్థులలో ఒకడు లేచి, పరిశీలనలు కొలదిగా ఉన్నప్పుడు దీనిని నిరూపింపరాదా యని యడిగెను. ఆ విద్యార్థియే అనంతరకాలమున ఆర్థికశాస్త్రవేత్తగా ప్రసిద్ధికెక్కిన వి. ఎం. దాండేకర్. ఉపాధ్యాయుని యొద్ద సిద్ధముగా సమాధానము లేదు. ఆయన ఇంటికి పోయి ఆ రాత్రి యంతయు దానినే ఆలోచించి, మఱునాడు నిరూపణముతో వచ్చెను. 1945 లో కలకత్తా గణితసంఘపు పత్రికలో ప్రకటితమైన ఆయన వ్యాసమున ఆ ఫలితము చోటు చేసికొనెను. స్వీడన్ దేశమున హెరాల్డ్ క్రామెర్ కూడ స్వతంత్రముగా దానినే కనుగొనుటచే, నేడు దానిని క్రామెర్–రావు అసమానత యందురు. అప్పుడు రావుగారి వయస్సు ఇరువదియైదు వత్సరములైనను నిండలేదు.

ఆ తరగతిలో ఏ ప్రశ్నకైనను తడవుకొనక బదులు చెప్పు యంత్ర మొకటి ఉండెననుకొందము. దాండేకర్ ప్రశ్నకు అప్పుడే జవాబు వచ్చియుండును. విద్యార్థి దానిని వ్రాసికొని యుండును. ఉపాధ్యాయుడు తరువాతి పాఠమునకు పోయియుండును. ఏమి నష్టము? సమాధానము నష్టము కాలేదు. నష్టమగునది ఆ రాత్రి. తెలియదని ఒప్పుకొను వినయము, తెలిసికొనువఱకు నిదురపట్టని ఆరాటము, తప్పుదారులలో నడచి మరలివచ్చు ఓర్పు, దారి దొరకినప్పటి ఆనందము—ఇవి యన్నియు ఆ రాత్రిలో నున్నవి. మఱునాడు తరగతికి వచ్చిన ఉపాధ్యాయుడు నిన్నటి ఉపాధ్యాయుడు కాడు. సమాధానము దొరకుట వేఱు. సమాధానమునకు తగినవాడగుట వేఱు. మొదటిది యంత్రము ఇయ్యగలదు. రెండవదానిని ఎవనికి వాడే సంపాదించుకొనవలయును. ఒకని ఆకలి మఱియొకడు తినుటచే తీరనట్లే, ఒకని విద్య మఱియొకరి శ్రమచే పండదు.

అయినచో యంత్రమును దూరముగా నుంచుటయే కర్తవ్యమా? ఆ సంస్థ చరిత్ర అట్లు చెప్పుటలేదు. 1953 లో అచ్చటనే సమరేంద్రకుమార్ మిత్ర సమీకరణములను సాధించు ఒక ఎలక్ట్రానిక్ యంత్రమును నిర్మించెను. 1955 లో ఇంగ్లండు నుండి హెచ్. ఇ. సి. 2 ఎం. అను కంప్యూటరును తెప్పించిరి. మన దేశమునకు వచ్చిన మొట్టమొదటి డిజిటల్ కంప్యూటరు అదియే. గది నిండుగా నుండు ఆ యంత్రపు జ్ఞాపకశక్తి 1024 పదములు మాత్రమే; నేడు బాలుర చేతులలోని ఫోనునకు అది ఏ విధమునను సాటిరాదు. లెక్కలతో జీవించు సంస్థయే లెక్కలు చేయు యంత్రమును చేరబిలిచినది. పంచవర్ష ప్రణాళికలు సాగుచున్న కాలమది. దేశపు అవసరములను గణించుటకు చేతిలెక్కలు చాలవని వారు గ్రహించిరి.

కావున శ్రమ అంతయు ఒక్కటి కాదని మొదట తెలిసికొనవలయును. కొంత శ్రమ భారము. కొంత శ్రమ సాధన. వేయి సంఖ్యలను మరల మరల కూడుటలో మనస్సు పెరుగుట లేదు. అలసట మాత్రము పెరుగుచున్నది. అది భారము. దానిని యంత్రమునకు అప్పగించుట తప్పు కాదు; దయ కూడ కావచ్చును. కాని ఏ సంఖ్యలను కూడవలయును, ఎందుకు కూడవలయును, వచ్చిన ఫలితమును ఎంతవఱకు నమ్మవలయును అను ఆలోచన సాధన. దానిని అప్పగించినవాడు తన ఎదుగుదలనే అప్పగించినవాడు. చిక్కేమనగా, ఈ రెండింటికిని గల సరిహద్దు అందఱకు ఒక్కచోట నుండదు. ఎక్కములు నేర్చుచున్న బాలునకు కూడికయే సాధన. ఆఱితేఱిన గణితజ్ఞునకు అది భారము. క్రొత్తగా ప్రోగ్రాము వ్రాయ నేర్చువానికి తన తప్పును తాను వెదకుకొనుటయే విద్య. ఇరువది ఏండ్ల అనుభవము గలవానికి అందు కొంత వట్టి చాకిరి. కనుక పనిముట్టును చేత బట్టుటకు ముందు ప్రతివాడును తన్ను తాను ప్రశ్నించుకొనవలయును: ఇది నా భారమును దించుచున్నదా, నా సాధనను దొంగిలించుచున్నదా?

విద్యను గూర్చి ఇంత చెప్పిన పిమ్మట కర్మను గూర్చి చెప్పవలసియున్నది. 1943 లో వంగదేశమున ఘోరమైన క్షామము వచ్చి లక్షలాది ప్రజలు మరణించిరి. తరువాతి రెండేండ్లలో గణాంక సంస్థ క్షామానంతర స్థితిగతులను తెలిసికొనుటకు గ్రామములలో సర్వే జరిపెను. భూమి అమ్ముకొనినవా రెవరు, దుక్కిటెద్దులను పోగొట్టుకొనినవా రెవరు, వృత్తి విడిచి బిచ్చమెత్తుకొనినవా రెవరు అని కుటుంబము కుటుంబముగా విచారించిరి. ఆ కాగితములలోని ప్రతి అంకె వెనుకను ఒక చల్లారిన పొయ్యి కలదు. అంకెలను కూడు యంత్రమునకు ఆ పొయ్యి కనబడదు. కూడించు మనుష్యునకు కనబడవలయును. కనబడనినాడు అతనికిని యంత్రమునకును భేదము లేదు.

మహలనోబిస్ తన సర్వేలలో పాటించిన మఱియొక పద్ధతి ఇచ్చట స్మరింపదగినది. ఒకే ప్రాంతమును రెండు బృందములచే వేఱువేఱుగా పరిశీలింపజేసి, రెండు ఫలితములను ప్రక్కప్రక్కన ఉంచి చూచుట ఆ పద్ధతి. రెంటికిని భేదము వచ్చినచో ఎచ్చటనో పొరపాటు జరిగినదని తెలియును. ఇందలి గణితము పండితులకు చెందినది. ఇందలి నీతి అందఱకు చెందినది. నేను పొరపడియుండవచ్చునని ముందుగా ఒప్పుకొని, ఆ పొరపాటు బయటపడు మార్గమును తానే ఏర్పఱచుకొనుట సత్యనిష్ఠ. నేటి మాటలాడు యంత్రము ఒప్పును ఏ ధైర్యముతో చెప్పునో తప్పును సయితము తఱచు అదే ధైర్యముతో చెప్పును. ఆ తప్పు వలన ఒక వృద్ధుని పింఛను ఆగినను, ఒక రోగికి మందు మాఱినను యంత్రమునకు సిగ్గు లేదు, పశ్చాత్తాపము లేదు. బాధ్యత వహించుటకు ఒక హృదయము కావలయును. కర్తృత్వములోని అహంకారమును విడువుమని మన పెద్దలు చెప్పిరి; బాధ్యతను విడువుమని చెప్పలేదు. ఫలమునందలి ఆసక్తిని విడిచినవాడు పనియందు మఱింత శ్రద్ధ వహించును. నేను చేయలేదు, యంత్రము చేసినది అనుట నిష్కామకర్మ కాదు. అది కర్మనుండి తప్పించుకొనుట.

ఇది యంతయు చెప్పుటకు సులభము; మన యువకుని స్థితి అంత సులభమైనది కాదు. పని త్వరగా కావలెనని పై అధికారి తొందరపెట్టును. ప్రక్కవాడు యంత్రసహాయమున ఒక దినములో ముగించు పనికి తాను వారము తీసికొనినచో ఉద్యోగము నిలువదు. ఇంటివద్ద వృద్ధులైన తల్లిదండ్రులు, తీర్పవలసిన అప్పు ఉండవచ్చును. చేతిలెక్కలతో జీవించిన నాటి గణకుల వృత్తి నేడు లేదు. అట్లే నేటి వృత్తులు కొన్ని రేపు లేకపోవచ్చును. వేదాంతము చెప్పి ఈ బాధను కప్పిపుచ్చుట ధర్మము కాదు. యంత్రమువలన లాభము పొందు సమాజము, దానివలన జీవనోపాధి కోల్పోవువారిని ఆదుకొనవలసిన ఋణమును మోయుచున్నది. వ్యక్తి మాత్రము, తన స్థితి ఎట్లున్నను, మూడు నియమములను పాటింపగలడు. తాను గ్రహింపనిదానిని తన పేర పంపకుండుట మొదటిది. దినమునకు కొంతసేపైనను యంత్రసహాయము లేక తన బుద్ధితో తాను పనిచేయుట రెండవది. తన పని చిట్టచివఱకు ఏ మనుష్యుని చేరుచున్నదో తెలిసికొని, అతనిని మఱువకుండుట మూడవది. ఈ నియమములు జీతమును పెంపవు. కాని జీతము కొఱకు చేయు పనిలోనే మనుష్యత్వమును నిలుపును.

రాధాకృష్ణరావుగారు దీర్ఘకాలము కలకత్తాలో ఆ సంస్థకు సేవచేసి, పిమ్మట అమెరికాలో బోధించిరి. డెబ్బదియెనిమిది ఏండ్లనాటి ఆ 1945 వ్యాసమును ప్రధానముగా స్మరించుచు 2023 లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానమును ఆయనకు ఇచ్చిరి. ఆ యేటనే ఆగస్టు 22 న, నూటరెండేండ్ల వయస్సున, ఆయన దేహము చాలించిరి. ఆ వ్యాసములోనే సమాచారమునకు జ్యామితిని జోడించు మఱియొక భావము కూడ కలదు. నేడు యంత్రములకు నేర్పు విద్యలో కొన్ని పద్ధతులు ఆ భావమును ఆధారము చేసికొనియున్నవి. మన యువకుడు చూచి భయపడు యంత్రవిద్యలో సయితము కలకత్తాలో ఒక తెలుగువాడు చేసిన ఆలోచన ఇట్లు కలిసియున్నది. చెమటోడ్చి నేర్చినది వ్యర్థము కాలేదు. అది తాను ఎఱుగని కాలములో, తాను ఎఱుగని వారికి ఆధారమైనది.

ఆ జ్ఞానతృష్ణ తనకు తల్లి లక్ష్మీకాంతమ్మగారి వలన అలవడినదని ఆయన కృతజ్ఞతతో చెప్పుకొనిరి. బాల్యమున ఆమె ప్రతిదినము తెల్లవాఱుజామున నాలుగు గంటలకు కుమారుని లేపి, చదువుకొనుటకు నూనెదీపము వెలిగించెడిది. ఆ తల్లి దీపమును వెలిగించినది. చదువు కుమారుడే చదువవలసివచ్చెను. పనిముట్టు చేయగల ఉత్తమమైన సేవయు అంతియే. దీపముగా నుండు యంత్రమును ఆదరింపుడు. మీకు బదులుగా చదువు యంత్రమును చూచి జాగరూకులు కండు.