సాక్షి లేని ధర్మము

లోకము చూచుచుండగా మంచివాడై యుండుట అంత కష్టము కాదు. మెచ్చుటకుగాని నిందించుటకుగాని నోరొక్కటియు మిగులని చోట ధర్మమునకు అర్థమేమి? మేరీ షెల్లీ యను ఆంగ్ల రచయిత్రి 1826లో ప్రకటించిన ‘చివరి మనిషి’ యను నవలను చదివిన నాటినుండి ఈ ప్రశ్న నన్ను విడువకున్నది.

కథాకాలము ఇరువదియొకటవ శతాబ్ది చివరిభాగము. మహామారి దేశదేశములను తుడిచివేయగా తుదకు వెర్నీ యనువా డొక్కడే మిగులును. ఆ ఏకాంతము రచయిత్రికి వట్టి ఊహ కాదు. ఆమె ముగ్గురు బిడ్డలను కోల్పోయినది. 1822లో భర్తయైన కవి షెల్లీ ఇటలీ తీరమున కడలిపాలయ్యెను. 1824లో మిత్రుడు బైరన్ గ్రీసులో మరణించెను.

వెర్నీ రోమునకు బయలుదేరును. దారిలో ఊరూర, అందరికిని కనబడు తావున, తానెక్కడ నుండబోవుచున్నాడో మూడు భాషలలో తెల్లరంగుతో వ్రాయుచు పోవును. అందరనగా ఎవరో! ఒక భవనములో ఎదురుగా అడవిమనిషి నొకనిని చూచి ఉలికిపడును. తీరా అది అద్దము. చూచువారే లేరనుకొన్న చోట తన్ను చూచినది తానే.

రోము వెలుపలి బయళ్లలో అతనికొక కుక్క కనబడును. దాని యజమాని చనిపోయినాడు. అది మాత్రము గొఱ్ఱెల మందను కాయుచునే యున్నది, దారి తప్పినదానిని మరల్చుచున్నది, పరులను దరిచేరనీయకున్నది. నవలలోని రాజకార్యములు, దీర్ఘోపన్యాసములు నాకు కొంత విసుగునే కలిగించినవి. ఈ కుక్క మాత్రము మరపునకు రాదు.

దీనిని నిష్కామకర్మ యనవచ్చునా? తొందరపడరాదు. యజమాని తిరిగి వచ్చునని అది ఎదురుచూచుచున్నది; అది ఆశయే కదా! కాని ఫలము నాశించుట వేరు, ప్రియమైనవాని కొఱకు వేచియుండుట వేరు అని నాకు తోచుచున్నది. కూలికి కాచువాడు కూలి నిలిచిన నాడే మందను విడిచిపోవును. కుక్క పోలేదు. మందను కాచినంత మాత్రమున యజమాని రాడు. రాకున్నను కాపు ఆగలేదు.

వెర్నీ పనియు నట్టిదే. చదువువారు లేరని యెరిగియు తన కథను గ్రంథముగా వ్రాసి మృతులకు అంకితమిచ్చెను. ఇది వెఱ్ఱియని కొందఱనవచ్చును. అట్లయిన, గతించిన తల్లిదండ్రులకు తిలోదకములు విడుచు మనమందరము వెఱ్ఱివారమే.

గ్రంథము ముగించిన పిదప అతడు సెయింట్ పీటర్ దేవాలయ శిఖరమెక్కి, రాతిపై 2100 అని సంవత్సరమును చెక్కెను. తరువాత హోమరును షేక్స్పియరును వెంట బెట్టుకొని, కుక్కతో కూడ చిన్న పడవ నెక్కి, ఏ తీరముననైన మరియొక మనిషి కనబడునేమో యని టైబరు నదిమీదుగా సాగిపోయెను.