డబ్బు కట్టాక ఇంకా బాకీ ఉందా?

హోటల్లో భోజనం చేశాం, బిల్లు కట్టాం. ఇక అక్కడ మనం ఎవరికైనా ఋణపడి ఉన్నామా? “తిన్నదానికి డబ్బిచ్చాం, లెక్క సరిపోయింది” అంటారు చాలామంది. ఈ ప్రశ్నకు జపాను దేశంలోని చిన్న రామెన్ హోటలు ఒక మంచి జవాబు చెబుతోంది.

రామెన్ అంటే వేడి సూపులో వేసిన గోధుమ నూడుల్స్. యోకొహామా వంటి రేవు పట్టణాలలో స్థిరపడిన చైనీయుల ద్వారా ఇది జపానుకు వచ్చింది. 1910లో టోక్యోలో ప్రారంభమైన రైరైకెన్ అనే హోటలు దీనికి పేరు తెచ్చింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాతి కరువు రోజుల్లో వీధి బళ్లమీద దొరికి ఎందరికో ఆకలి తీర్చింది. నేటికీ ఇది విద్యార్థులు, కార్మికులు, ఉద్యోగులు ఇష్టపడే సాదా భోజనమే.

అలాంటి హోటళ్లు చాలావరకు ఇరుకైనవి. ఒక పొడవాటి బల్ల, దాని ముందు ఎనిమిదో పదో కుర్చీలు, అవతల వంటవాడు. చాలాచోట్ల గుమ్మం దగ్గరే ఒక యంత్రం ఉంటుంది. అందులో డబ్బు వేసి మీట నొక్కితే టికెట్టు వస్తుంది. దానిని వంటవాడికి అందిస్తే కొద్ది నిమిషాల్లో గిన్నె మన ముందుంటుంది. టిప్పు ఇచ్చే ఆచారం లేదు. ఆలస్యమైతే నూడుల్స్ మెత్తబడిపోతాయి కాబట్టి త్వరగా తిని, బయట నిలబడినవారికి చోటివ్వాలి. ఒక్క మాట మాట్లాడకుండానే బేరం ముగిసిపోవచ్చు.

అయినా అక్కడ రెండు మాటలు వినిపిస్తాయి. తినబోయే ముందు ‘ఇతదాకిమస్’ అంటారు. వినయంతో స్వీకరిస్తున్నానని భావం. వెళ్లేటప్పుడు ‘గొచిసోసమ’ అంటారు. అందులోని ‘చిసో’ అనే మాటకు మూలార్థం పరుగులు తీయడం. అతిథికి వండిపెట్టడానికి అటూ ఇటూ తిరిగినవారి శ్రమను తలచుకునే మాట అది. కొందరు ఖాళీ గిన్నెను తామే పైకి అందించి, తమ ముందున్న చోటు తుడిచి మరీ వెళతారు.

ముందే డబ్బు కట్టినవారికి ఇదంతా ఎందుకు? ధర అన్నింటినీ కొలవలేదు కనుక. గంటల తరబడి ఎముకలు మరిగించిన శ్రమకు ధర ఉంది. ఆ శ్రమలోని శ్రద్ధకు ధర లేదు. గోధుమను పండించిన వానకు ఎవరూ బిల్లు వేయలేదు.

అయితే కృతజ్ఞత కూలికి బదులు కాదు. తీయగా మాట్లాడి జీతం తగ్గించే యజమాని చేసేది అన్యాయమే. ఒప్పుకున్న జీతం ఇచ్చినంత మాత్రాన న్యాయం జరిగినట్లు కాదనీ, అది శ్రామికుని జీవనానికి సరిపోవాలనీ 13వ లియో పాపుగారు 1891లోనే ‘రేరుమ్ నొవారుమ్’ విశ్వలేఖలో బోధించారు. ఒప్పందంతోనే న్యాయం పూర్తికానట్లే, ధరతోనే ఋణమూ తీరిపోదు.

ప్రభువు స్వస్థపరచిన పదిమంది కుష్ఠరోగులలో తొమ్మిదిమంది ఏ నియమమూ తప్పలేదు. చెప్పినట్లే యాజకుల వద్దకు వెళ్లారు. అయినా ప్రభువు వారి కోసం అడిగారు, ఎందుకంటే తిరిగివచ్చి వందనాలు చెప్పినవాడు ఒక్కడే. మనం ప్రతి ఆదివారం పాల్గొనే దివ్యసత్ప్రసాదానికి గ్రీకు భాషలో ఉన్న పేరుకు అర్థం కూడా కృతజ్ఞతాస్తుతియే.

మరి పూజ ముగిశాక కుటుంబంతో హోటలుకు వెళ్లినప్పుడు మనం ఏం చేస్తున్నాం? ఇంట్లో భోజనానికి ముందు వేసుకునే సిలువ గురుతు అక్కడ వేసుకోవడానికి సిగ్గుపడుతున్నాం. మంచినీళ్లు కాస్త ఆలస్యమైతే బల్ల తుడిచే కుర్రవాడిని కసురుకుంటున్నాం. డబ్బున్నవాడికి కసిరే హక్కు కూడా ఉంటుందని మన పిల్లలు అక్కడే నేర్చుకుంటున్నారు. ఆ ఉదయం వారు విన్న ప్రసంగాన్ని ఈ ఒక్క పాఠం చెరిపివేస్తుంది.

ఈసారి హోటల్లో భోజనం వచ్చాక, ఒక్క నిమిషం ఆగి దేవునికి వందనాలు చెబుదాం. లేచేటప్పుడు వడ్డించిన వ్యక్తి ముఖం చూసి, “భోజనం బాగుందయ్యా” అని ఒక మాట అందాం. బిల్లుతో తీరని బాకీ ఒకటి ఉందని పిల్లలకు తెలుస్తుంది.