ఓటు ఎవరిది? సంఘముదా, విశ్వాసిదా?



ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మన సంఘములలో రెండు మాటలు వినబడతాయి. "రాజకీయము లోకసంబంధమైనది, మనకెందుకు?" అనేది మొదటిది. "మన ఓట్లన్నీ ఒకచోట వేస్తే మనకు ఏదో ఒక మేలు జరుగుతుంది" అనేది రెండవది. ఒక్కొక్కప్పుడు ఈ రెండూ ఒకే మనిషి నోట వస్తాయి. వీటిలో ఏది సరియైనదని మమ్ములను అడిగేవారున్నారు. రెండూ సరియైనవి కావని మా అభిప్రాయము. ఎందుకో చెప్పేముందు మాకు జరిగిన ఒక సంగతి చెప్పాలి.

కొన్ని సంవత్సరముల క్రిందట, ఒక ఎన్నికకు ముందు ఆదివారము, ఆరాధన ముగిసి జనము బయటకు వస్తుండగా, ఒక అభ్యర్థి తరఫున నలుగురు వచ్చారు. చెప్పులు బయట విడిచి ఎంతో మర్యాదగా మాట్లాడారు. మన ఆవరణకు ప్రహరీగోడ లేదనీ, నవంబరు వానలకు వీధి కాలువ నీరు లోపలికి వస్తుందనీ వారికి తెలుసు. "గోడ మేము కట్టిస్తాము. వచ్చే ఆదివారము పాస్టరుగారి చేత ఒక్క మాట చెప్పించండి, చాలు" అన్నారు.

ఆ సాయంకాలము కమిటీ కూడింది. ఒక డీకనుగారు, "అయ్యా, మడమల లోతు నీళ్ళలో నిలబడి పాటలు పాడుతున్నాము. గోడ కట్టిస్తామంటే కాదనడమెందుకు? ఎవరికో ఒకరికి వేసే ఓటే కదా!" అన్నారు. మాకు వెంటనే జవాబు తోచలేదు. కిటికీలు మూయడానికి వచ్చిన ఒక పెద్దామె, కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చి రిటైరైన మనిషి, గుమ్మము దగ్గర ఆగి, "నా ఓటు ఇస్తామని చెప్పడానికి మీరెవరయ్యా? నన్ను అడిగారా?" అన్నది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. గోడ వద్దని మరునాడు కబురు పంపాము.

ఆమె మాటలో ఉన్నది మొండితనము కాదు. 1920లో మద్రాసు శాసనమండలికి ఎన్నికలు జరిగినప్పుడు ఆస్తి, పన్ను ఉన్నవారికే ఓటు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతముల నుండి వచ్చి ఈ పట్టణపు వీధులు ఊడ్చిన మన పెద్దలకు ఆ లెక్కలో చోటు లేదు. వయసు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు అన్న నియమముతో దేశములో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినది 1951-52లో. అంటే ఓటు మనకు పిత్రార్జితము వంటిది. ఏశావు ఒక పూట కూటికి జ్యేష్ఠత్వమును అమ్ముకున్నాడు. నాబోతు రాజు అడిగినా తండ్రుల స్వాస్థ్యమును వదలలేదు. ఆ పెద్దామె నాబోతు పక్షము. మేము ఆ సాయంకాలము కొంతసేపు ఏశావు పక్షమున ఉన్నాము.

మన చరిత్రలోనే దీనికి ఒక పాఠమున్నది. 1876-78 కరవులో జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము పనిని కంట్రాక్టుగా తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పని చూపించారు. బాప్తిస్మము ఇమ్మని ఎందరో అడిగినా ఆ కరవు దినములలో ఇవ్వలేదు. కూలి కోసము ఎవరూ విశ్వాసములోనికి రాకూడదని ఆయన నిశ్చయము. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందారు. అన్నమునకు విశ్వాసమును మారకము వేయని సంఘము, గోడకు మనస్సాక్షిని మారకము వేయవచ్చునా?

చట్టము సంగతి కూడ తెలిసి ఉండాలి. ఓటు కోసము కానుక ఇవ్వడమే కాదు, పుచ్చుకోవడమూ నేరమే. మత సంస్థల ఆవరణలను రాజకీయ కార్యకలాపములకు వాడకూడదని 1988లో ప్రత్యేకముగా ఒక చట్టము చేశారు. అది గుడికి, మసీదుకు, చర్చికి సమానమే. మతము, కులము, భాష పేరు చెప్పి ఓట్లడగడము అవినీతి చర్య అని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పింది. అదే సంవత్సరము ఏప్రిల్‌లో మన నగరములోని ఆర్.కె. నగర్ ఉప ఎన్నికను, డబ్బు పంపకము కారణముగా, ఎన్నికల సంఘము పోలింగుకు కొద్ది రోజుల ముందు రద్దు చేసింది.

ఇంతవరకు చదివి, "అందుకే రాజకీయము మనకొద్దన్నాము" అని కొందరు అనవచ్చు. మేము కూడ గోడను కాదన్నామని కొన్నాళ్ళు లోలోపల సంతోషించాము. మళ్ళీ వానలు వచ్చాయి, మళ్ళీ నీళ్ళు వచ్చాయి. చీపురుతో నీళ్ళు తోస్తూ ఆ పెద్దామె, "గోడ వద్దన్నారు, సరే. మరి వార్డు ఆఫీసుకు ఎప్పుడు పోతారు?" అని అడిగింది. అమ్మకుండుటతో మన పని అయిపోయిందనుకోవడము కూడ ఒక తప్పేనని అప్పుడు తెలిసింది.

ఈ నగరములో పాల్గొన్నవారి వలన కలిగిన మేలు మనము తింటూనే ఉన్నాము. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులుగా ఉన్న పిట్టి త్యాగరాయచెట్టిగారు తెలుగువారే. వారి కాలములోనే థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ పాఠశాలలో, పిల్లవానికి రోజుకు ఒక అణా మించకుండా, ఉపాహారము పెట్టడానికి కౌన్సిలు ఒప్పుకున్నది. తమిళనాడు మధ్యాహ్న భోజన పథకమునకు అది తొలి మెట్టు. పాఠశాలలో పనిచేసిన మాకు ఆకలితో ఉన్న బిడ్డకు అక్షరము ఎక్కదని తెలుసు. కౌన్సిలు లేని కాలమును కూడ ఈ నగరము చూసింది. 1973లో రద్దయిన కౌన్సిలుకు మరల ఎన్నికలు 1996లో గాని జరగలేదు. 2016 నుండి 2022 వరకు మరొకసారి ఖాళీ. తీరా 2022 ఫిబ్రవరిలో ఎన్నికలు వస్తే, చెన్నై ఓటర్లలో సగము మందైనా బూతుకు పోలేదు.

"మనము భాషలోనూ మతములోనూ కొద్దిమందిమి. గుంపుగా అడగకపోతే ఎవరు వింటారు?" ఇది బలమైన ప్రశ్న. గుంపుగా అడగడము తప్పు కాదు. 2006 నాటి తమిళ అభ్యాస చట్టము వలన తెలుగు మాధ్యమపు పిల్లలకు పదవ తరగతిలో ఇబ్బంది కలిగినప్పుడు, భాషా అల్పసంఖ్యాకులు బహిరంగముగా కోర్టుకు వెళ్ళి మినహాయింపు అడిగారు. అది హక్కును అడగడము. మూసిన తలుపుల వెనుక ఓట్ల లెక్క చెప్పి గోడ పుచ్చుకోవడము వేరు. భేదము తెలుసుకోవడానికి మాకు తోచిన పరీక్ష ఇది: మనము అడిగినదానిని వీధిలో నిలబడి గట్టిగా చెప్పగలమా? మన ఆరాధనకు రాని పొరుగువానికి కూడ దానివలన మేలున్నదా? చెరలో ఉన్నవారిని, తాము నివసించే పట్టణపు క్షేమమును కోరమని యిర్మీయా వ్రాసినది కూడ ఇందుకే.

మరి విశ్వాసి పార్టీలో చేరవచ్చునా? పౌరుడుగా చేరవచ్చును, పోటీ చేయవచ్చును. అయితే సంఘములో పదవి ఉన్నవారు అంతకాలము ఆ పదవిని విడిచి నిలబడడము మంచిది. పార్టీ జెండా సంఘపు గుమ్మము దాటకూడదు. అదే గుమ్మము లోపల, వేరు వేరు పార్టీలకు ఓటు వేసిన ఇద్దరు ఒకే బల్లలో పాలు పొందగలగాలి.

ఇక మా సంగతి. 2022 నవంబరు 1న తమిళనాడు పట్టణములలో ఏరియా సభలు మొదలైన తరువాత, ఒక అర్జీ వ్రాసుకొని వెళ్ళాము. అందులో గోడ ఊసెత్తలేదు. వీధి కాలువ పూడిక తీయమని అడిగాము. ఎదురింటి తమిళ కుటుంబము, మూలమీది దుకాణపు సాయిబుగారు, ఆ పెద్దామె, అందరూ సంతకాలు పెట్టారు. ఆ ప్రశ్న వేసిన డీకనుగారే అర్జీని చదివి వినిపించారు. ఒకటికి నాలుగుసార్లు తిరిగాక పూడిక తీశారు. గోడ మాత్రము మన చందాలతో మనమే కడుతున్నాము. ఇప్పటికి సగమైనది.

ఓటర్ల జాబితాలో మీ పేరున్నదో లేదో ఈ వారమే చూసుకోండి. లేకపోతే సంఘపు యువకులు దరఖాస్తు నింపి పెడతారు. ఎవరికి వేయాలో మాత్రము మమ్ములను అడగవద్దు.