కుర్చీయు సారథ్యమును

మానవుడు ఒక వృత్తిని విడిచి మరియొక వృత్తిని చేపట్టుట లోకమున సామాన్యమే. తక్కువ గౌరవముగల పనినుండి ఎక్కువ గౌరవముగల పనికి పోయినచో లోకము దానిని అభివృద్ధి యనును. అందుకు విరుద్ధముగా పోయినచో పతనమనును. ఈ తీర్పు ధర్మమునకు సమ్మతమా, లేక అలవాటు వలన ఏర్పడిన అభిప్రాయము మాత్రమేనా? కార్యాలయమందు స్థిరమైన ఉద్యోగమున్నవాడు దానికి రాజీనామా యిచ్చి, లారీ డ్రైవరుగా జీవింపనెంచినచో అది వివేకమా, అవివేకమా?

ఈ ప్రశ్న యెంత బరువైనదో తెలియుటకు ఖరగ్‌పూర్ పట్టణమందలి సుభాష్‌పల్లి వంటి పేటను తలచుకొనిన చాలును. ఇరువదవ శతాబ్ది ప్రారంభమున బెంగాల్ నాగపూర్ రైల్వే ఇచ్చట పెద్ద కర్మాగారమును నెలకొల్పినపుడు, తెలుగువారనేకులు ఉత్తరాంధ్ర తీరమునుండి వచ్చి, సమ్మెట పట్టి, బొగ్గు మోసి జీవించిరి. 1920ల ఉత్తరార్ధమున కార్మికుల తొలగింపునకు వ్యతిరేకముగా ఇచ్చట పోరాటములు జరిగెను. ఆ కార్మిక సంఘమును నడిపిన వారిలో ముఖ్యుడైన వి. వి. గిరి 1969లో భారత రాష్ట్రపతి యయ్యెను. ఇట్టి ఊరిలో నెలజీతపు కుర్చీ ఊరక లభించినది కాదు. తాత సమ్మెట పట్టెను. తండ్రి యంత్రము త్రిప్పెను. కుమారుడు కలము పట్టెను. ఆ కుమారుడే కలమును విడిచి లారీ చక్రమును పట్టెదననునపుడు తండ్రి కంట నీరు తిరిగినచో, దానిని ధనాశ యని త్రోసివేయరాదు. మూడు తరముల శ్రమ వ్యర్థమైనదని యాతని బాధ.

అయినను ఒక విషయము గమనింపవలెను. ఈ ఊరిలోనే 2001లో రైల్వే టికెట్టు తనిఖీ ఉద్యోగమున చేరి, కొన్ని సంవత్సరములకు క్రికెట్టుకొరకై దానిని విడిచిన యువకుడొకడు కలడు. అతడు మహేంద్రసింగ్ ధోనీ. అతని నాయకత్వమున భారతదేశము 2011లో ప్రపంచకప్పు గెలిచినందున అందరును ఆ నిర్ణయమును కొనియాడిరి. గెలువకున్నచో ఆ నిర్ణయమునే మూర్ఖత్వమని యుందురు. ఫలమునుబట్టి కర్మను తూచుట ఎంత నిలకడలేని తూనికయో దీనివలన తెలియుచున్నది. లారీ నడుపువానికి కప్పు లభింపదు, చప్పట్లు లభింపవు. కనుక అతని నిర్ణయమునకు వేరొక గీటురాయి కావలెను.

భోపాలునకు చెందిన యోగితా రఘువంశి న్యాయశాస్త్రము చదివిన స్త్రీ. భర్త మరణించిన పిమ్మట ఇద్దరు బిడ్డలను పోషించుటకై ఆమె లారీ నడుపుట నేర్చి, రాష్ట్రములు దాటి సరుకులు చేరవేసినది. ఆమె చదువు వ్యర్థమైనదని యనగలమా? బాధ్యత ఆ చక్రమును ఆమె చేతికిచ్చినది. ఆమె దానిని సిగ్గుపడక పట్టినది. అయితే అవసరము లేకయే, ఇష్టము వలన ఉద్యోగము విడుచువాని సంగతి యేమి? అతనికొరకు మహాభారతమున ముగ్గురు సారథులు కలరు.

మొదటివాడు నలుడు. జూదమున రాజ్యమును కోల్పోయి, నిద్రించుచున్న దమయంతిని అడవిలో విడిచిపోయి, బాహుకుడను పేర ఋతుపర్ణుని రథము నడపెను. అశ్వవిద్యలో ఆతనికి సాటిలేదు. కాని ఆ నేర్పు, చెప్పక విడిచిపోయిన దోషమును కడుగలేదు. తిరిగి దమయంతి యెదుట నిలిచిన నాడే ఆతని మనస్సు తేరుకొనెను. భార్యకు చెప్పక రాజీనామా వ్రాయువాడు, బిడ్డల చదువునకు, తల్లిదండ్రుల మందులకు ఏర్పాటు చేయక దారి పట్టువాడు, ఎంత చక్కగా బండి నడిపినను, నలుని మొదటి తప్పునే చేయుచున్నాడు.

రెండవవాడు శల్యుడు. మద్రదేశాధిపతియైన తాను సూతపుత్రునికి సారథ్యము చేయుటయా యని మండిపడి, తోచినది పలుకుటకు అనుమతి పొందిన పిమ్మటనే పగ్గములు పట్టెను. గుఱ్ఱములను చక్కగనే నడపెను. కాని తన మాటలతో కర్ణుని ధైర్యమును అడుగడుగునను క్రుంగదీసెను. చదువుకొన్న నేను ఈ పని చేయుచున్నానే యని లోలోపల గొణుగుకొనువాడు క్లీనరును కసరును, సరుకు దింపు కూలీని చులకన చేయును. ఫైళ్లనుండి పారిపోయిన విసుగు, గోదాము ముందు రెండు దినములు పడిగాపులు కాయునపుడు మరల తలయెత్తును. స్థానము మారును గాని మనస్సు మారదు.

మూడవవాడు శ్రీకృష్ణుడు. సారథ్యమును ఆయన కోరి చేపట్టెను. అందువలన ఆయనకు కొదువ కలుగలేదు. సైంధవ వధ జరిగిన దినమున సూర్యాస్తమయములోపల ప్రతిజ్ఞ నెరవేరవలసియున్నను, యుద్ధభూమి నడుమ రథము నిలిపి, గుఱ్ఱములను విప్పి, వాటి దేహమందలి బాణములను పెరికి, నీరు త్రాపి, సేదదీర్చెను. తొందర యెక్కువగానున్న దినముననే విశ్రాంతి నిచ్చుట సారథి ధర్మము. మోటారు రవాణా కార్మికులకు దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలని 1961 నాటి చట్టము పనివేళలను నిర్ణయించినది. కలకత్తానుండి ఖరగ్‌పూర్, విశాఖపట్టణము, విజయవాడల మీదుగా చెన్నపట్టణము చేరు రహదారిపై నిద్రమత్తుతో బండి నడుపువాడు తన ప్రాణమునే కాక, ఎదురు వచ్చువారి ప్రాణములను గూడ పణమొడ్డుచున్నాడు. కార్యాలయమున తప్పు వ్రాసినచో మరునాడు దిద్దవచ్చును. రహదారిపై తప్పునకు మరునాడు లేదు.

కాబట్టి ఉద్యోగము విడువనెంచువాడు తన్ను తాను మూడు ప్రశ్నలు వేసికొనవలెను. నాపై ఆధారపడినవారికి చెప్పి, వారికి ఏర్పాటు చేసి బయలుదేరుచున్నానా? ఈ పనిని, ఈ పనిచేయు తోటివారిని మనసార గౌరవింతునా? నాకు అప్పగింపబడిన ప్రాణులయెడ, సరుకులయెడ శ్రద్ధ వహింతునా? మూడింటికిని ఔనను సమాధానము వచ్చినచో, ఆతడు పతనమైనవాడు కాడు. అపుడు తండ్రి గూడ ఒకమాట తలచుకొనవలెను. తన తండ్రి సమ్మెట పట్టిన చేతితోనే తన్ను కుర్చీలో కూర్చుండబెట్టెను. ఆ చేతిపనిని నీచమనుట, తాను కూర్చున్న కుర్చీకి పునాదియైన చేతిని నీచమనుటయే. మూడింటిలో ఒకదానికైనను కాదను సమాధానము వచ్చినచో, ఆతడు కొంతకాలము కుర్చీలోనే యుండి ఆ లోపమును సవరించుకొనుట మేలు. అది సవరించుకొనిన పిమ్మట కుర్చీలో నున్నను, లారీలో నున్నను ఆతని పని ధర్మమే యగును.